చేలో బుడిబుడి అడుగులు

నడక నేర్చిన పిల్లను చంకనేసుకుని ఆదివారం ఎక్కడికి వెళ్లాలి? మాల్‌లో బొమ్మ రైలెక్కిస్తే గంటలో అయిపోతుంది. అదే ఒక చేనుకు ఏడాదిలో నాలుగుసార్లు తీసుకెళ్తే... వెళ్లినప్పుడల్లా చేనూ కొత్తగా ఉంటుంది, పిల్లా కొత్తగా ఉంటుంది. హైదరాబాద్‌కు కూతవేటు దూరంలోని చేవెళ్ల దారిలో అలాంటి తోటలున్నాయి. తొలకరి నుంచి రోహిణి దాకా అక్కడ ఏముంటుందో చూసొద్దాం రండి.

హైదరాబాద్ నుంచి చేవెళ్లకు పోయే దారికి గొడుగు పట్టినవి మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు పక్కన నిజాం కాలం నాటి మర్రిచెట్లను లెక్కపెడితే దాదాపు 900 తేలాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేయాలా, ఉంచాలా అన్న వాదన ఏళ్ల తరబడి నడిచి హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

ఈ దారికి కుడిపక్కన గండిపేట, ఎడమపక్కన హిమాయత్‌సాగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక కట్టించిన జంట జలాశయాలివి. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయ్యాయి. వీసా కోసం మొక్కుకుని 108 ప్రదక్షిణలు చేసే చిలుకూరు బాలాజీ గుడికి మలుపు కూడా ఇటే. మొయినాబాద్ దాటేసరికి ఫంక్షన్ హాళ్లు, ఎత్తయిన ఫాంహౌస్ గోడలు కాస్త పలచబడతాయి. ఎర్రనేల, మధ్యలో నల్లరేగడి, టమాటా, క్యారెట్, బీట్‌రూట్, బంతి, చామంతి మళ్లు మొదలవుతాయి. నగరంలో పొద్దున్నే బేరమాడి కొనే కూరల్లో, దండల్లో ఎన్నో ఇక్కడి మట్టిలోంచి వచ్చినవే.

సొంతంగా సేద్యం చేసుకుంటూనే సెలవు రోజుల్లో పిల్లలున్న కుటుంబాలకు గేటు తెరిచే రైతులు ఈ వైపు కొందరున్నారు. ముందుగా ఫోన్ చేయాలి. మనిషికింత అని తీసుకుంటారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, తోటలో కూర. రిసార్టు కాదు, ఈతకొలను లేదు. అయిదెకరాల చేను, రెండావులు, నాలుగు మేకలు, ఓ కోళ్ల గుంపు, గట్టు మీద వేపచెట్టు. అంతే.

అలాంటి ఓ తోటకు అత్తాపూర్‌లో ఉండే ఓ జంట ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లింది. తొలిసారి వెళ్లినప్పుడు వాళ్ల పాపకు ఏడాదిన్నర. వెంట నానమ్మ. వికారాబాద్ వైపు ఊళ్లో ఉన్న మూడెకరాలు అమ్మి, కొడుకు ఫ్లాటు కొనడానికి ఇచ్చి, ఊరొదిలి వచ్చిన మనిషి ఆమె. ఈ నాలుగు ప్రయాణాల్లో ఆ ఇద్దరికీ... రెండేళ్లు నిండని పిల్లకూ, అరవై దాటిన నానమ్మకూ... దొరికింది వేర్వేరు.

తొలకరి: ఎర్ర ముఖమల్ పురుగు

జూన్ రెండోవారం. మృగశిర కార్తె ప్రవేశించింది. తెలుగు రైతు క్యాలెండరులో కార్తెలు ఇరవై ఏడు. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు కాగిన నేల మీద తొలి వాన పడితే లేచే వాసనను ఏ సెంటు సీసాలోనూ పట్టలేం. ఏడాదిలో ఇక్కడ కురిసే వానలో దాదాపు ముప్పావు వంతు జూన్, సెప్టెంబర్ మధ్యనే పడుతుంది. అందుకే ఆ మొదటి నాలుగు చినుకుల కోసం ఊరంతా ఆకాశం వైపే చూస్తుంది.

చెప్పులిప్పి మట్టిలో నిలబెట్టగానే పాప ఏడ్చింది. టైల్స్ మీదే నడక నేర్చిన పాదాలవి. తడిమట్టి వేళ్ల సందుల్లోకి రావడం ఆమెకు కొత్త. కాలు ఎత్తి అలాగే నిలబడిపోయింది. "బెదిరిందే పిల్ల" అంది తోట రైతు తల్లి. "ఎందుకు బెదురుతది అక్కా, మట్టిల పుట్టినోళ్ల మనుమరాలే గదా" అంటూ నానమ్మ తనూ చెప్పులు విడిచి, పక్కన కూర్చుంది. అయిదు నిమిషాల తర్వాత పాప కూర్చుంది. పదో నిమిషానికి మట్టి నోట్లోకి పోయింది. తల్లి పరుగున వచ్చి కక్కించింది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద ఎర్రగా కదిలిందొకటి. ఆరుద్ర పురుగు. ముఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఈ చిట్టి ప్రాణిని పట్టుకోకుండా పల్లెలో బాల్యం గడిచినవాళ్లు ఉండరు. పురుగంటాం కానీ దీనికి ఎనిమిది కాళ్లు. సాలీడుకు దగ్గరి చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపలే ఉండి, తొలి వానలకు పైకొస్తుంది. చెదపురుగుల్నీ, పురుగుల గుడ్లనూ తింటుంది. మనిషికి హాని చేయదు, పంటకు అంతకన్నా చేయదు. మందుల వాడకం పెరిగాక ఇదివరకటిలా కనిపించడం లేదని ఊళ్లో పెద్దలంటారు. "గట్ల నొక్కకు బిడ్డా, మెల్లగ... అదే ఎక్కుతది" అని నానమ్మ అరచెయ్యి పరిచి చూపించింది. పాప తన చెయ్యి దాని పక్కన పెట్టింది. పురుగు ఒక అరచేతిలోంచి రెండో అరచేతిలోకి నడిచింది. పాప ఊపిరి బిగబట్టి చూసింది. వీడియో తీద్దామని తండ్రి ఫోన్ తెరిచేలోపు అది మట్టిలోకి దిగిపోయింది.

విత్తనాలు వేయించేటప్పుడు మాత్రం ఆ రైతు ఒక మాట కచ్చితంగా చెప్పాడు. కంపెనీ పత్తి గింజలూ, మొక్కజొన్న గింజలూ పిల్లలకు ఇవ్వడట. గులాబీ రంగులోనో, నీలంగానో మెరిసే వాటి పైపూత తెగుళ్ల మందు. చూడ్డానికి చాక్లెట్ బిళ్లల్లా ఉంటాయి కాబట్టి మరీ ప్రమాదం. ఇంట్లో దాచుకున్న అనుములు నాలుగు తెచ్చి పాప చేతిలో పోశాడు. కంచె పక్కన నానమ్మ వేలితో గుంట చేస్తే పాప ఒక్కో గింజా పడేసింది. రెండు గుంటలో పడ్డాయి, రెండు కోడి నోట్లో పడ్డాయి.

ఆశ్వయుజం: గట్టంతా బతుకమ్మే

రెండో ప్రయాణం దసరా ముందు. వానలు వెనకబట్టి, కుంటలు నిండి, గట్లన్నీ పచ్చబడ్డ కాలం. పెత్తరమాస నుంచి తొమ్మిది రోజులు తెలంగాణ అంతటా బతుకమ్మ. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఈ పండుగ గొప్పదనమేమంటే, దీనికి కావాల్సిన పూలలో చాలావాటిని ఎవరూ సాగుచేయరు. తంగేడు బీడు మీద తనంతట తానే పూస్తుంది. పొలంలో కలుపు అని పీకేసే గునుగు ఈ తొమ్మిది రోజులూ దేవతకు కిరీటమవుతుంది. రాష్ట్ర పుష్పం తంగేడే, రాష్ట్ర పక్షి పాలపిట్ట. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని జనం ఊరవతలికి పోయేది ఇలాంటి చేల వైపే.

ఇప్పుడు పాప నడవడం లేదు, పరిగెడుతోంది. నాలుగు నెలల కిందట మట్టిలో కాలు పెట్టనని ఏడ్చిన పిల్ల, బంతి మడిలో దూరి రావడం లేదు. బంతిపువ్వు పాప గుప్పిటకు సరిపోయేంత ఉంటుంది. రేకులు పీకొచ్చు, వాసన చూడొచ్చు, విసిరికొట్టొచ్చు. రైతు ఏమీ అనలేదు కానీ పాప తల్లి మాత్రం ఒక్కో పువ్వుకూ ఇబ్బందిపడింది. ఆ ఇబ్బందికి కారణం ఉంది. పండుగ ముందురోజు గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతికి రేటు పలుకుతుంది. పండుగ దాటితే అదే పువ్వును అడిగేవాడుండడు. తెల్లవారుజామున టార్చిలైటు వేసుకుని కోసి, ఆటోలో ఎక్కించి పంపిన సరుకు రవాణా ఖర్చు కూడా రాని రోజులుంటాయి. టమాటా అయితే ఇంకా ఘోరం. ఒక నెల కిలో వంద పలికిందని పేపర్లో వస్తుంది, ఇంకో నెల రోడ్డు మీద పారబోశారని వస్తుంది. రెండు వార్తలూ ఒకే రైతువి కావచ్చు.

గునుగు పూల చివర్లకు రంగులద్దే పనిలో పాప చేతులు, గౌను, తండ్రి చొక్కా అన్నీ గులాబీ రంగయ్యాయి. నానమ్మ ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరసలు పేర్చింది. ఊరొదిలాక ఏటా ఆమె బతుకమ్మను కొన్న పూలతోనే పేర్చిందట. గునుగు కట్టకు ఇంత అని డబ్బులిచ్చినప్పుడల్లా, తన చేలో ఒకప్పుడు వంగి పీకి పారేసిన మోపులు గుర్తొచ్చేవని చెప్పింది. కోడలు విని ఊరుకుంది. ఆ మూడెకరాల ప్రస్తావన ఆ ఇంట్లో ఎక్కువగా రాదు.

పుష్యం: మంచులో క్యారెట్

సంక్రాంతి ముందు చేవెళ్ల వైపు చలి నగరం కంటే గట్టిగా ఉంటుంది. పది డిగ్రీలకు దిగిన రాత్రుల తర్వాత పొద్దున్నే చేలో అడుగు పెడితే ప్యాంటు మోకాళ్ల దాకా మంచుకు తడుస్తుంది. ఏడాది మొత్తంలో పసిపిల్లల్ని తీసుకెళ్లడానికి అన్నిటికన్నా మంచి కాలం ఇదే. ఎండ బాధించదు, బురద ఉండదు, చేలో తినడానికి ఏదో ఒకటి ఉంటుంది.

క్యారెట్ చల్లదనం కోరే పంట. వేసిన మూడు నెలలకు తీతకొస్తుంది. పైన చూస్తే కొత్తిమీర లాంటి ఆకు తప్ప ఏమీ కనిపించదు. ఆకుల మొదలు పట్టుకుని లాగమన్నారు. పాప లాగింది. రాలేదు. నానమ్మ వేళ్లతో చుట్టూ మట్టి వదులు చేసింది. మళ్లీ లాగింది. క్యారెట్ ఊడొచ్చింది, పాప వెనక్కి పడింది. లేచి చేతిలోది చూసుకుని "ఇది... లోపల ఉంది!" అంది. రెండేళ్ల పాప కట్టిన పెద్ద వాక్యాల్లో అదొకటి. ఆ తర్వాత వరసలో ఉన్న పదకొండు క్యారెట్లు బయటికొచ్చాయి. ఆ బరువుకు డబ్బు కట్టారు.

కడిగి ఇస్తే పాప తినలేదు. నాకి, మేకకు పెట్టింది. చేలో పండింది చూస్తే పిల్లలు ఇష్టంగా తింటారని పుస్తకాల్లో రాస్తారు. అన్నిసార్లూ అలా జరగదు. కానీ కంచె దగ్గర వేరే సంగతి జరిగింది. జూన్‌లో పాప గుంటలో పడేసిన అనుముల్లో ఒకటి మొలిచి, తీగ సాగి, కంచెనెక్కి కాయలు కాసింది. వానాకాలంలో వేస్తే చలి మొదలయ్యాక పూత పట్టి, సంక్రాంతికి కాయకొచ్చే పంట అది. "నువ్వేసిందే బిడ్డా ఇది" అంటే పాపకు ఏం అర్థమైందో తెలియదు. అనపకాయలు ఒలిచి ఉప్పేసి ఉడకబెడితే మాత్రం, తల్లి మెత్తగా చిదిమి పెట్టినవన్నీ తిని మళ్లీ అడిగింది.

పక్క చేలో కంది కోస్తున్నారు. ఇక్కణ్నుంచి పడమరకు పోతే తాండూరు. అక్కడి కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటలో తిరిగే కోళ్లకూ ఓ కథుంది. పెరటి పెంపకం కోసం రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలివి. అంటే ఈ దారి మొదట్లో పుట్టిన జాతులన్నమాట. పాపకు అవన్నీ అనవసరం. కోడి వెనక పరిగెత్తితే అది పరిగెడుతుంది, ఆగితే ఆగుతుంది. అంతకన్నా మంచి ఆట వస్తువు ఏ దుకాణంలోనూ లేదు.

చైత్రం దాటాక: ముంజలూ, ఎండిన బోరూ

ఫిబ్రవరి చివర్లో మోదుగ పూస్తుంది. ఆకు రాలిన చెట్టు నిండా నిప్పు అంటించినట్టు పూలు. హోలీ రంగుకు ఒకప్పుడు వాటినే ఉడకబెట్టేవారు. ఉగాదికి వేపపూత, చింతపండు, మామిడి పిందె... పచ్చడికి కావాల్సినవన్నీ అటూ ఇటూ వంద అడుగుల్లో దొరుకుతాయి. ఆ జంట మాత్రం నాలుగోసారి వెళ్లింది మే నెలలో, మామిడి దిగే రోజుల్లో.

ఎండాకాలం వెళ్లాలంటే ఆరున్నరకల్లా తోటలో ఉండాలి, తొమ్మిదిన్నరకు నీడ పట్టాలి. చెట్టు కింద కూర్చుని మామిడిపండు రసం మోచేతుల దాకా కార్చుకుంటూ తినడం, చల్లటి ముంజలు నానమ్మ వేళ్లతో చిదిమి పెడితే మింగడం, ఆవు నెమరేస్తుంటే అలా చూస్తూ కూర్చోవడం... పాపకు ఇప్పుడు దాదాపు రెండున్నరేళ్లు. చేను గుర్తుంది. దిగగానే చెయ్యి విడిపించుకుని క్యారెట్ మడి వైపు పరిగెత్తింది.

అక్కడ మడి లేదు. పగుళ్లిచ్చిన నేల ఉంది. బోరు సగం కూడా పోయడం లేదని రైతు ఆవులకూ, మామిడికీ సరిపెట్టి మిగతా చేను వదిలేశాడు. "లోపల ఉందా?" అని పాప వంగి మట్టి గోకింది. లేదన్నారు. "నీళ్లేవి?" అంది. తండ్రి దగ్గర జవాబు లేదు. నానమ్మే చెప్పింది: "వానొస్తది బిడ్డా. వానొస్తే మళ్ల లోపల ఉంటది." ఫొటోల్లో పచ్చగా ఉన్నప్పుడే చేనుకు వెళ్లే కుటుంబాలకు ఈ నాలుగో దృశ్యం దొరకదు. చూసి తీరాల్సింది ఇదే.

చంటిపిల్లలుంటే...

తోట పార్కు కాదు. అన్నిటికన్నా ముందు అడగాల్సింది నీళ్ల గురించి. బావికి గోడ ఉందా, నీటికుంటకు కంచె ఉందా, పాత బోరుగుంతలు మూసేశారా? 2017 జూన్‌లో ఇదే చేవెళ్ల మండలంలో రెండేళ్లు కూడా నిండని పాప తెరిచి ఉన్న బోరుబావిలో పడిపోయింది. రోజుల తరబడి శ్రమించినా ప్రాణాలతో తీయలేకపోయారు. మూతలేని బోరు కనిపిస్తే ఆ తోట ఎంత అందంగా ఉన్నా వెనక్కి తిరగాల్సిందే. రైతుకు చెప్పి మూయించి మరీ రావాలి.

మందు కొట్టిన మడి ఏదో ముందే తెలుసుకోవాలి. కొట్టి ఎన్ని రోజులైందో అడగడంలో తప్పు లేదు. పచ్చిపాలు ఎంత తాజావైనా కాచకుండా పట్టించకూడదు. ఆవునో, మేకనో ముట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడగాలి. రేగిపండ్ల గింజ, వేరుసెనగ పప్పు, గుండ్రటి ద్రాక్షపండు, జారే ముంజ... ఇవన్నీ పసిగొంతుకు అడ్డం పడేవే. గింజ తీసి, చిదిమి, కోసి పెట్టాలి. పల్లీలు గుండుగా పెట్టనే వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. వానాకాలంలో గడ్డిలోకి, గడ్డివాము దగ్గరికి పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. వట్టి కాళ్లతో మట్టిలో ఆడించాలంటే దున్నిన శుభ్రమైన మడి చూసుకోవాలి. రెండు జతల బట్టలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, కాచిన నీళ్లు, టోపీ... సంచిలో ఇవి చాలు. ఆటబొమ్మలు అక్కర్లేదు.

గేటు తెరవకపోతే...

రైతు ఆదివారం గేటు ఎందుకు తెరుస్తున్నాడన్నది అసలు ప్రశ్న. కూరగాయల మీద వచ్చేది నిలకడగా ఉండదు. సందర్శకుల డబ్బు, గంపలో వాళ్లు పట్టుకెళ్లే కూర, పూలు నేరుగా చేతికొచ్చే ఆదాయం. దళారీ లేడు, కమీషన్ లేదు. ఈ వైపు ఎకరం ధర సేద్యంతో ఎన్నేళ్లకూ రాని అంకెకు చేరింది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలుండేవి. వాటిలో చాలా చోట్ల ఇప్పుడు కాలనీలున్నాయి.

జంట జలాశయాల్ని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి, 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షల్ని సడలించారు. ఇక్కడి రైతుల్లో దీనిపై ఒకే మాట లేదు. అన్నేళ్లు తమ భూమికి ధర రాకుండా చేశారన్న కోపం కొందరిది, అమ్ముకుంటే తర్వాత ఏం చేయాలన్న దిగులు కొందరిది. రెండూ న్యాయమైనవే. మూడెకరాలు అమ్మిన నానమ్మ కూడా అమ్మినందుకు తప్పు చేశానని ఎక్కడా అనలేదు. ఆ డబ్బుతోనే కొడుక్కి ఇల్లొచ్చింది. ఆమె అన్నది ఒకటే: "పిల్లకు చూపెట్టనీకి ఒక గట్టు లేకపాయె."

కొనుక్కున్న టికెట్టుతో ఆ గట్టు ఏడాదికి నాలుగు పూటలు దొరికింది. దానితో భూమి తిరిగి రాదు, రైతు కష్టం తీరిపోదు. కానీ చేను చేనుగా మిగలడానికి ఒక కారణం తోడవుతుంది. వెళ్లేవాళ్లు చేయగలిగింది కూడా చిన్నదే. పచ్చగా ఉన్నప్పుడే కాక ఎండినప్పుడూ వెళ్లడం, పిల్ల తెంపిన దానికి డబ్బివ్వడం, వారానికి సరిపడా కూర అక్కడే బేరమాడకుండా కొనడం. మృగశిర జూన్ మొదటివారం చివర్లో వస్తుంది. తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్తే, అదృష్టం బాగుంటే, గట్టు మీద ఎర్రగా ఏదో కదులుతూ ఉంటుంది.